లోపల ఏం జరుగుతోంది? శాస్త్రాల్లో మెకానిజం కోసం వెతుకులాట

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఒక దోమను కోసి, దాని పొట్ట గోడను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. నాలుగు రోజుల ముందు మలేరియా రోగి రక్తం తాగిన దోమ అది. పొట్ట గోడలో గుండ్రటి కణాలు, వాటిలో నల్లటి రేణువులు కనిపించాయి. మలేరియా పరాన్నజీవిని గుర్తుపట్టేది ఆ రేణువులతోనే. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేస్తూ రాస్ మిగతా దారి కూడా కనిపెట్టాడు. పరాన్నజీవి దోమ పొట్టలో పెరిగి, లాలాజల గ్రంథులకు చేరి, కాటుతో మరో పక్షి రక్తంలోకి దిగుతుంది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

నిజానికి చిత్తడి నేలల పక్కన ఉండేవాళ్లకు జ్వరాలు ఎక్కువని రోమన్ల కాలం నుంచీ తెలుసు. నీరు తోడి నేల ఎండగడితే జ్వరాలు తగ్గుతాయనీ తెలుసు. సింకోనా బెరడు 17వ శతాబ్దం నుంచే ఐరోపాలో మందుగా వాడుకలో ఉంది. నివారణా మందూ రెండూ ఏదో ఒక రూపంలో అందుబాటులోనే ఉన్నాయి. తెలియనిదల్లా చిత్తడికీ జ్వరానికీ నడుమ ఏం జరుగుతోందన్నది. చెడుగాలి వల్లే జ్వరం వస్తుందని నమ్మినవాళ్లు కిటికీలు మూసుకున్నారు. దోమ సంగతి తెలిశాక దోమతెర కట్టడం, తొట్టి మీద మూత పెట్టడం, నిలవనీటిపై నూనె చల్లడం మొదలయ్యాయి. వీటిలో ప్రతి పనీ ఆ గొలుసులో ఏదో ఒక కొక్కేన్ని తెంపడానికి చేసేదే.

కారణానికీ ఫలితానికీ నడుమ ఏ భాగాలున్నాయి, ఒక్కోటి ఏం చేస్తుంది, దేని తర్వాత ఏది జరుగుతుంది అన్నదాన్ని శాస్త్రజ్ఞులు మెకానిజం అంటారు. రసాయనశాస్త్రం నుంచి అర్థశాస్త్రం దాకా అన్ని శాస్త్రాలూ ఈ మాట వాడతాయి. కానీ అన్నిచోట్లా దానికి ఒకే విలువ లేదు. భౌతికశాస్త్రం ఒక దశలో దాన్ని పక్కన పెట్టింది. జీవశాస్త్రం దాని మీదే నిలబడింది. వైద్యం దాన్ని నమ్మి దెబ్బతింది, దాని కోసం ఆగీ దెబ్బతింది. ఈ చరిత్రంతా కలిపి చూస్తే ఒక విషయం తేలుతుంది. చెయ్యి ఎక్కడ వెయ్యాలో, ఇక్కడ పనిచేసింది అక్కడా పనిచేస్తుందో లేదో చెప్పేది మెకానిజమే. అయితే అది ఎంత నమ్మకంగా కనిపించినా ఫలితాల లెక్కకు నిలబడాల్సిందే.

గడియారం నుంచి గుండె దాకా

యంత్రాలు చేయడం పాత విద్యే. 1901లో గ్రీసులోని ఆంటికిథెరా దీవి దగ్గర మునిగిపోయిన ఓడ నుంచి ఒక కంచు పరికరం బయటపడింది. దాదాపు రెండు వేల ఏళ్ల నాటి ఆ పరికరంలో 30 పళ్లచక్రాలు ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. సూర్యచంద్రుల గమనాన్ని, గ్రహణాలను అది లెక్కగట్టేది. మన దేశంలో భోజరాజు పేరుతో ఉన్న 11వ శతాబ్దపు 'సమరాంగణ సూత్రధార'లో యంత్రాలకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. కొత్తగా వచ్చింది ప్రకృతి మొత్తాన్నీ యంత్రంలా చూడాలన్న ఆలోచన. అది 17వ శతాబ్దపు ఐరోపాలో బలపడింది. జంతువు శరీరం కూడా గడియారం లాంటిదేనని, పదార్థం పదార్థాన్ని తోయడం తప్ప అందులో మరో రహస్యం లేదని రెనె దెకార్త్ వాదించాడు.

ఆ ఆలోచన ఎంత దూరం తీసుకెళ్లగలదో విలియం హార్వే 1628లోనే చూపించాడు. గుండె ఒక్కసారి కొట్టుకున్నప్పుడు బయటికి వచ్చే రక్తాన్ని ఎంత తక్కువగా అంచనా వేసినా, అరగంటలో అది ఒంట్లోని మొత్తం రక్తాన్ని దాటిపోతుంది. తిన్న తిండి నుంచి అంత రక్తం ఎప్పటికప్పుడు కొత్తగా పుట్టడం సాధ్యం కాదు. కాబట్టి అదే రక్తం తిరిగి గుండెకు రావాలి. సిరల్లోని కవాటాలు ఒకే దిక్కుకు తెరుచుకోవడం ఈ లెక్కకు సరిపోయింది. ఒక్క ఖాళీ మాత్రం మిగిలిపోయింది. ధమనుల చివర నుంచి సిరల మొదటికి రక్తం ఎలా దాటుతుంది? ఆ దారి హార్వే కంటికి కనిపించలేదు. ఆయన 1657లో చనిపోయాడు. నాలుగేళ్ల తర్వాత, 1661లో, మార్సెల్లో మాల్పీగి కప్ప ఊపిరితిత్తుల్లో సన్నటి రక్తకేశనాళికలను సూక్ష్మదర్శినితో చూశాడు.

మెకానిజం విలువ ఇలాంటిచోటే బయటపడుతుంది. అసంపూర్ణంగా ఉన్నా, ఎక్కడ ఏ భాగం లోపించిందో అదే చెబుతుంది. ఆ తర్వాత వెతికేవాళ్లకు ఎక్కడ చూడాలో తెలుస్తుంది.

భౌతికశాస్త్రం వేరే దారి పట్టింది

వింతేమిటంటే, యంత్రం లాంటి ప్రపంచాన్ని ఊహించిన తరం తర్వాత వచ్చిన అతిపెద్ద విజయంలో యంత్రమే లేదు. 1687లో ఐజాక్ న్యూటన్ గురుత్వాకర్షణ సూత్రంతో గ్రహాలు, తోకచుక్కలు, సముద్రపు ఆటుపోట్లు అన్నిటికీ ఒకే లెక్క చెప్పాడు. కానీ మధ్యలో ఏ తాడూ ఏ చక్రమూ లేకుండా సూర్యుడు భూమిని ఎలా లాగుతాడన్నది చెప్పలేదు. హైగెన్స్, లైబ్నిజ్ లాంటి పెద్దలు దీన్ని తీవ్రంగా తప్పుపట్టారు. గ్రహాలను సుడులు మోసుకెళ్తున్నాయన్న దెకార్త్ వివరణలో మెకానిజం ఉంది, లెక్క కుదరలేదు. న్యూటన్ దగ్గర లెక్క కుదిరింది, మెకానిజం లేదు. తన పుస్తకం 1713 నాటి రెండో ముద్రణలో, ఆధారం లేని ఊహలు కట్టనని ఆయన తేల్చిచెప్పాడు.

జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ 1861-62 ప్రాంతంలో విద్యుదయస్కాంత శక్తిని అర్థం చేసుకోవడానికి తిరిగే సుడులు, వాటి నడుమ దొర్లే చిన్న గోళాలు ఉన్న ఒక నమూనా ఊహించాడు. కాంతి కూడా విద్యుదయస్కాంత తరంగమేనన్న మహత్తర ఫలితం ఆ నమూనా నుంచే వచ్చింది. 1865 వ్యాసానికి వచ్చేసరికి సమీకరణాలు ఉన్నాయి కానీ ఆ సుడుల నమూనా లేదు. 1887లో మైకెల్సన్, మోర్లీల ప్రయోగంలో, కాంతి తరంగాలను మోసే మాధ్యమంగా అనుకున్న ఈథర్ జాడ దొరకలేదు. 1905లో ఐన్‌స్టీన్ దాని అవసరమే లేదన్నాడు. క్వాంటం సిద్ధాంతం ఇంకా ముందుకు వెళ్లింది. రేడియం ముక్కలో దాదాపు 1600 ఏళ్లకు సగం పరమాణువులు విచ్ఛిన్నమవుతాయని ఖచ్చితంగా చెప్పవచ్చు. ఏ పరమాణువు ఎప్పుడు పగులుతుందో చెప్పే చక్రం మాత్రం లోపల ఏదీ కనిపించదు. భౌతికశాస్త్రంలో అట్టడుగు స్థాయికి వెళ్లినకొద్దీ సూత్రం మిగిలింది, యంత్రం మాయమైంది.

అందుకే 20వ శతాబ్దపు తత్వవేత్తలు చాలాకాలం వివరణ అంటే సూత్రమే అనుకున్నారు. కార్ల్ హెంపెల్, పాల్ ఓపెన్‌హైమ్ 1948లో ఈ అభిప్రాయానికి ఒక స్పష్టమైన రూపం ఇచ్చారు. సాధారణ సూత్రం నుంచి ఫలితాన్ని తర్కంతో రాబట్టగలిగితే వివరించినట్టేనని వారి వాదం. దీని మీద వచ్చిన అభ్యంతరం అందరికీ తెలిసిందే. జెండా కర్ర ఎత్తు, సూర్యుడి కోణం తెలిస్తే నీడ పొడవు లెక్కగట్టవచ్చు. నీడ పొడవు తెలిస్తే కర్ర ఎత్తూ అంతే తేలిగ్గా వస్తుంది. కానీ నీడ వల్ల కర్ర అంత ఎత్తుగా ఉందని ఎవరూ అనరు. లెక్క రెండు వైపులా నడుస్తుంది, కారణం మాత్రం ఒకవైపే. 2000లో పీటర్ మాకామర్, లిండ్లీ డార్డెన్, కార్ల్ క్రేవర్ కలిసి రాసిన వ్యాసం చర్చను మళ్లీ మెకానిజం వైపు తిప్పింది. నాడీకణాలను, ప్రోటీన్లను పరిశోధించేవాళ్లు సూత్రాలు వెతకడం లేదని, భాగాలనూ వాటి పనులనూ వెతుకుతున్నారని వారు ఎత్తిచూపారు.

జీవకణంలో తిరిగే ఇరుసు

జీవశాస్త్రంలోనూ యంత్రం మీద నమ్మకం ఒకసారి గట్టిగా కదిలింది. 1888లో విల్‌హెల్మ్ రూ రెండు కణాల దశలో ఉన్న కప్ప పిండంలో ఒక కణాన్ని వేడి సూదితో చంపాడు. మిగిలిన కణం సగం పిండంగా పెరిగింది. యంత్రంలో సగం తీస్తే సగమే మిగులుతుందని దీనికి అర్థం చెప్పారు. 1891లో హాన్స్ డ్రీష్ సముద్రంలో ఉండే సీ అర్చిన్ పిండం మీద ఇలాంటి ప్రయోగమే వేరే పద్ధతిలో చేశాడు. రెండు కణాలనూ కుదిపి విడదీశాడు. ఒక్కో కణం నుంచీ పరిమాణంలో చిన్నదైనా పూర్తి లార్వా పుట్టింది. సగానికి నరికితే రెండు పూర్తి యంత్రాలయ్యే యంత్రం ఎక్కడైనా ఉంటుందా? లేదనుకున్న డ్రీష్, జీవంలో పదార్థానికి అందని శక్తి ఏదో ఉందన్న నిర్ణయానికి వచ్చాడు.

ఆయన ప్రయోగం సరైనదే. అది కూల్చింది గడియారం తరహా మెకానిజాన్ని మాత్రమే. ప్రతి కణంలోనూ పూర్తి జన్యు సమాచారం ఉంటుందని, కణాలు ఒకదానికొకటి రసాయన సంకేతాలు పంపుకుంటాయని తర్వాత తెలిసింది. జన్యువులు అవసరాన్ని బట్టి ఆన్, ఆఫ్ అవుతాయని జాకబ్, మోనో 1961లో బ్యాక్టీరియాలో చూపించారు. దాంతో మెకానిజం అన్న భావనే విశాలమైంది. తోయడం, లాగడంతో పాటు సంకేతం, నియంత్రణ, మరమ్మతు కూడా అందులో చేరాయి.

శరీరంలో శక్తి కథ దీనికి మంచి ఉదాహరణ. ఆ కథలో మొదటి అధ్యాయం రాసినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన 1929లో కండరాల్లో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. కణం చేసే చాలా పనులకు కావలసిన శక్తి ఏటీపీ నుంచే వస్తుందని తేలింది. మరి ఏటీపీ ఎలా తయారవుతుంది? మధ్యలో ఒక రసాయన పదార్థం ఉండి తీరాలని అందరూ ఏళ్ల తరబడి వెతికారు. అది దొరకలేదు. 1961లో పీటర్ మిచెల్ వేరే మాట అన్నాడు. కణం ఆహారాన్ని మండించిన శక్తితో మైటోకాండ్రియా లోపలి పొరకు ఒక పక్కన ప్రోటాన్లను పోగుచేస్తుంది, అవి తిరిగి ఇవతలికి వచ్చే ఒత్తిడితో ఏటీపీ తయారవుతుంది అన్నాడు. చాలామంది ఒప్పుకోలేదు. 1978లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఏటీపీని తయారుచేసే ఎంజైమ్‌లో ఒక భాగం తిరుగుతుందని పాల్ బాయర్ ప్రతిపాదించాడు. 1994లో జాన్ వాకర్ బృందం ప్రకటించిన నిర్మాణం దాన్ని బలపరిచింది. 1997లో జపాన్ పరిశోధకులు ఆ ఇరుసుకు వెలుగునిచ్చే పోగు ఒకటి అతికించి, అది గిరగిరా తిరగడం సూక్ష్మదర్శినిలో చూశారు. దెకార్త్ మాటవరసకు అన్న చక్రం మూడు శతాబ్దాల తర్వాత నిజంగానే కణంలో దొరికింది.

నడిపేదెవరో తెలియక

మెకానిజం తెలియదన్న కారణంతో నిజాన్ని తోసిపుచ్చిన సందర్భాలూ ఉన్నాయి. ఖండాలు కదులుతున్నాయని ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ 1912లో చెప్పాడు. ఆఫ్రికా, దక్షిణ అమెరికా తీరాలు ఒకదానిలో ఒకటి ఇమడటం, రెండు చోట్లా ఒకే రకం శిలాజాలు దొరకడం ఆయన ఆధారాలు. అంత బరువైన ఖండాలను కదిలించే బలం ఏదని భూభౌతిక శాస్త్రవేత్తలు అడిగారు. ఆయన చూపించిన బలాలు ఏమాత్రం చాలవని లెక్కలతో నిరూపించారు. వెగెనర్ 1930లో గ్రీన్‌లాండ్ యాత్రలో చనిపోయాడు. 1963లో వైన్, మాథ్యూస్ సముద్రపు అడుగున ఉన్న అయస్కాంత చారికలకు అర్థం చెప్పాక, కొత్త నేల పుట్టి పక్కలకు జరుగుతోందని తేలింది. ఆ దశాబ్దం ముగిసేసరికి, భూమి పైపొర కదిలే పలకలుగా ఉందన్న పలకల సిద్ధాంతాన్ని దాదాపు అందరూ ఒప్పుకున్నారు. పలకలను నడిపే బలాల్లో దేని వాటా ఎంత అన్న చర్చ ఆ తర్వాత కూడా సాగింది. ఒప్పుకోవడానికి పూర్తి మెకానిజం అవసరం కాలేదు, గట్టి ఆధారం సరిపోయింది.

భూగర్భ శాస్త్రంలో ఆ ఆలస్యం వల్ల ప్రాణాలు పోలేదు. వైద్యంలో పోయాయి.

1847లో వియన్నా ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ పనిచేస్తున్న ప్రసూతి విభాగంలో బాలింత జ్వరం విపరీతంగా ఉండేది. ఆ ఏప్రిల్‌లో నూటికి 18 మంది తల్లులు చనిపోయారు. మంత్రసానులు నడిపే పక్క విభాగంలో మరణాలు చాలా తక్కువ. మొదటి విభాగం వైద్యులు, విద్యార్థులు శవపరీక్షలు చేసి నేరుగా కాన్పులకు వచ్చేవారు. క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడుక్కోవాలని సెమ్మెల్‌వైస్ నియమం పెట్టాక, జూన్ నాటికి మరణాలు నూటికి సుమారు 2కు దిగాయి. అయినా నాటి వైద్య లోకంలో ఎక్కువమంది ఆయన మాట వినలేదు. సూక్ష్మజీవుల సిద్ధాంతం ఇంకా రాలేదు. శవాల నుంచి అంటుకునే కణాలే కారణమన్న ఆయన వివరణ అప్పటి వైద్యభావనల్లో ఇమడలేదు. ఆయన 1865లో మానసిక చికిత్సాలయంలో కన్నుమూశాడు. కళ్ల ముందున్న లెక్కను పక్కన పెట్టి, ఎలా అన్నది తేలేదాకా ఆగినందుకు తల్లులు ప్రాణాలతో మూల్యం చెల్లించారు.

దీనికి సరిగ్గా తిరగబడ్డ కథ 1980ల అమెరికాలో జరిగింది. గుండెపోటు వచ్చి బతికినవాళ్లలో గుండె అప్పుడప్పుడు లయ తప్పి అదనంగా కొట్టుకుంటే, హఠాన్మరణం ముప్పు ఎక్కువని తెలుసు. ఆ తప్పు కొట్టుకోవడాలను ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు బాగా అణచివేస్తాయి. కాబట్టి ఆ మందులు మరణాలను తగ్గించాలి. ఈ వాదనలో ఎక్కడా లోపం కనిపించదు. వైద్యులు వాటిని విస్తృతంగా రాసిచ్చారు. చివరికి కాస్ట్ అనే ట్రయల్‌లో దీన్ని పరీక్షించారు. మందు తీసుకున్న 755 మందిలో 63 మంది చనిపోయారు. మందు లేని ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 743 మందిలో చనిపోయింది 26 మంది. 1989లోనే ఈ మందుల ట్రయల్‌ను మధ్యలో ఆపేశారు. గొలుసులో ఒక్కో కొక్కెం నిజమే అయినా, ఆ మందులు గుండెలో మరో ప్రమాదకరమైన లయను రేపగలవన్న సంగతి ఆ గొలుసులో లేదు.

ఈ రెండు కథలూ చదివాక మెకానిజాన్ని పూర్తిగా వదిలేసి ట్రయళ్ల లెక్కలే చూసుకుంటే చాలు కదా అనిపించవచ్చు. చాలదు. ఆస్పిరిన్ 1899 నుంచి మార్కెట్లో ఉంది. అది శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాల తయారీని అడ్డుకుంటుందని జాన్ వేన్ 1971లో కనుగొన్నాడు. రక్తాన్ని గడ్డకట్టించే రక్తఫలకికల్లో కేంద్రకం ఉండదు, అందుకే ఆ తయారీకి కావలసిన ఎంజైమ్‌ను ఆస్పిరిన్ చెడగొడితే దాన్ని అవి మళ్లీ తయారుచేసుకోలేవు. గుండె రోగులకు రోజుకో చిన్న మోతాదు ఎందుకు సరిపోతుందో దీనితో అర్థమైంది. ఆ తర్వాత పెద్ద ట్రయళ్లు ఆ లాభాన్ని లెక్కతో నిర్ధారించాయి. సుబ్బారావు లెడర్లే మందుల సంస్థకు వెళ్లాక ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ కథా ఇలాంటిదే. కణ విభజనకు ఫోలిక్ ఆమ్లం కావాలి కనుక, దాన్ని పోలి ఉండి దారికి అడ్డుపడే పదార్థం లుకేమియాను ఆపవచ్చన్నది ఆలోచన. 1948లో సిడ్నీ ఫార్బర్ ఆ మందుతో లుకేమియా పిల్లల్లో తాత్కాలికంగా జబ్బు తగ్గుముఖం పట్టిందని ప్రకటించాడు. ఆ వరుసలోనే వచ్చిన మెథోట్రెక్సేట్‌ను నేటికీ క్యాన్సర్లకు, కీళ్లవాతానికి వాడుతున్నారు. ఎక్కడ వెతకాలో మెకానిజం చెప్పింది, అది నిజంగా పనిచేసిందో లేదో పిల్లల రక్తపరీక్షలు చెప్పాయి.

మనుషుల మధ్య చక్రాలు

సమాజంలో పళ్లచక్రాలు ఉండవు కానీ మనుషుల నిర్ణయాలు ఒకదాన్నొకటి కదిలిస్తాయి. బ్యాంకు మునిగిపోతుందన్న పుకారు నమ్మి జనం డబ్బు తీసేసుకుంటే, బాగున్న బ్యాంకు కూడా మునుగుతుందని రాబర్ట్ మెర్టన్ 1948లో వివరించాడు. పొరుగున తనలాంటివాళ్లు కొంతమందైనా ఉంటే చాలని ప్రతి ఒక్కరూ అనుకున్నా, చివరికి ఊరు వేర్వేరు వాడలుగా విడిపోవచ్చని థామస్ షెల్లింగ్ 1971లో చూపించాడు. ఎవరూ కోరుకోని ఫలితం అందరి చిన్న కోరికల నుంచే ఎలా పుడుతుందో ఈ రెండూ చెబుతాయి.

తెలుగు నేల మీద జరిగిన ఒక పరిశోధన ఈ విషయంలో ప్రత్యేకంగా గుర్తుంచుకోదగ్గది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల్లో ఒక ప్రయోగం చేశారు. పిల్లల మార్కుల్లో వచ్చిన మెరుగుదలను బట్టి ఉపాధ్యాయులకు బోనస్ ఇచ్చారు. రెండేళ్లయ్యాక ఆ బడుల పిల్లలు గణితంలోనూ భాషలోనూ స్పష్టంగా ముందున్నారని 2011లో ప్రచురించారు. దీనికి కారణం ఉపాధ్యాయులు మానకుండా బడికి రావడమేనని చాలామంది అనుకుంటారు. కానీ హాజరులో తేడా కనిపించలేదు. వచ్చిన రోజుల్లో అదనపు తరగతులు తీసుకోవడం, ఇంటిపని ఎక్కువ ఇవ్వడం, నమూనా పరీక్షలు పెట్టడం పెరిగాయి. ఈ వివరం తెలియకుండా ఫలితం ఒక్కటే చూసిన అధికారి హాజరు యంత్రాలకు డబ్బు ఖర్చుపెట్టి ఉండేవాడు. ఒకచోట వచ్చిన ట్రయల్ ఫలితాన్ని మరోచోటికి తీసుకెళ్లాలంటే అది ఎందుకు పనిచేసిందో తెలియాలని ఆంగస్ డీటన్, నాన్సీ కార్ట్‌రైట్ 2018లో వాదించింది కూడా ఇందుకే.

అర్థశాస్త్రంలో ఇంకో శాఖ మెకానిజాన్ని వెతకడం మాని కట్టడం మొదలుపెట్టింది. లియోనిద్ హర్విజ్, ఎరిక్ మాస్కిన్, రోజర్ మయర్సన్‌లకు 2007లో నోబెల్ తెచ్చిన మెకానిజం డిజైన్ ఇదే. ప్రతి మనిషీ తన లాభమే చూసుకున్నా మొత్తం మీద మంచి ఫలితం వచ్చేలా నియమాలు ఎలా రాయాలన్నది దాని ప్రశ్న. ఈ శాఖకు దగ్గరిదే 1962లో డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ ఇచ్చిన జత కుదిర్చే పద్ధతి. ఆ ఆలోచన ఆధారంగానే 2015 నుంచి ఐఐటీలకు, ఎన్ఐటీలకు ఉమ్మడిగా సీట్ల కేటాయింపు జరుగుతోంది. ఎక్కువ ఆశపడితే ఉన్న సీటూ పోతుందేమోనని జూలైలో తెలుగు ఇళ్లలో తల్లిదండ్రులు భయపడుతూ ఉంటారు. గేల్, షాప్లీ పద్ధతిలో మాత్రం విద్యార్థి తనకు నిజంగా ఏది ఇష్టమో ఆ వరుసలోనే ఆప్షన్లు పెట్టుకోవడం మేలు. పైన పెట్టింది దక్కకపోయినా కింద పెట్టినదానికి అవకాశం తగ్గదు. నియమంలోని మెకానిజం తెలిసిన కుటుంబానికి ఆ భయం ఉండదు.

కళ్ల ముందున్నా అర్థం కానిది

ఇప్పుడు ఈ ప్రశ్న కృత్రిమ మేధ దగ్గరికి వచ్చింది. ఆల్ఫాఫోల్డ్ అనే ప్రోగ్రాం 2020లో అమైనో ఆమ్లాల వరుస చూసి ప్రోటీన్ చివరి ఆకారాన్ని ఆశ్చర్యకరమైన ఖచ్చితత్వంతో చెప్పింది. దాన్ని రూపొందించిన ఇద్దరికి 2024లో రసాయన నోబెల్‌లో వాటా వచ్చింది. ప్రోటీన్ ఏ మెట్ల మీదుగా ఆ ఆకారానికి ముడుచుకుంటుందో మాత్రం అది చెప్పదు. న్యూటన్ సూత్రంలోలాగే ఇక్కడా సమాధానం ఉంది, దారి లేదు. ఇంకా విడ్డూరమైనది ఆ ప్రోగ్రాం లోపలి స్థితి. అందులోని ప్రతి అంకెనూ చదవవచ్చు. అయినా ఏ అంకెల గుంపు ఏ పని చేస్తోందో దాన్ని తయారుచేసినవాళ్లకే పూర్తిగా తెలియదు. ఇలాంటి నెట్‌వర్క్‌లలో ఒక భాగాన్ని ఆపి, మరో భాగాన్ని రెచ్చగొట్టి, ఫలితం ఎలా మారుతుందో చూసే పరిశోధన వేగంగా పెరుగుతోంది. నాడీశాస్త్రజ్ఞులు మెదడు మీద చేసే పనే ఇది.

దీని అవసరం ఎక్స్‌రేల దగ్గర స్పష్టంగా తెలిసింది. న్యుమోనియాను గుర్తించే నెట్‌వర్క్‌లను అమెరికాలో పరీక్షించిన పరిశోధకులు 2018లో ఒక సంగతి ప్రకటించారు. నేర్చుకున్న ఆసుపత్రుల్లో బాగా పనిచేసినవి, బయటి ఆసుపత్రికి వెళ్తే తరచూ వెనకబడ్డాయి. ఎక్స్‌రే చూసి అది ఏ ఆసుపత్రిదో అవి దాదాపు తప్పు లేకుండా పసిగట్టగలిగాయి. ఏ ఆసుపత్రిలో న్యుమోనియా రోగులు ఎక్కువో తెలిస్తే ఊపిరితిత్తులు సరిగా చూడకుండానే మంచి మార్కులు తెచ్చుకోవచ్చు. అలాంటి ప్రోగ్రాం ఒక జిల్లా ఆసుపత్రికి వస్తే, ఇక్కడి రోగుల్లో ఎందరిని సరిగా గుర్తించిందో లెక్క చూపించమని వైద్యాధికారి అడగాలి. అది ఎక్స్‌రేలో ఏ భాగాన్ని చూసి ఆ మాట చెప్పిందో కూడా అడగాలి. రెండు జవాబులూ వచ్చాకే దాన్ని రోగుల మీద వాడటం న్యాయం.